మంగళవారానికి వాయిదా

సైదాబీ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆస్పత్రి ఆయా గురించి ఎవరికి కావాలి? డాక్టర్ల ఫొటోలు హాల్లో వరసగా వేలాడుతుంటాయి. ఆ హాలు రోజూ కడిగినవాళ్ళ ఫొటో నేనెక్కడా చూడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి దిగిపోయాను, నా ఫొటో కూడా లేదు. అది వేరే సంగతి.

మొన్న పేపర్లో ఒక వార్త చదివాను. మాటిమాటికీ ప్రాణం తీసుకోబోయే మనుషుల కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అని ఒక వైద్యం ఉందట. దాన్ని మన మనుషులకు తగ్గట్టు ఎలా మార్చుకోవాలా అని పెద్ద పెద్ద డాక్టర్లు సభ పెట్టి మాట్లాడుకున్నారట. చదివి పేపరు మడిచి పక్కన పడేశాను. నరసరావుపేటలో ఎనభై ఏడులోనే ఒక ఆయా ఆ పని చేసింది. సంతకం రాని మనిషి. ఆమె పోయి పదేళ్ళు దాటింది, నాకూ డెబ్బై దగ్గర పడ్డాయి. నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు కాబట్టి చెబుతున్నాను.

అది పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది. పల్నాట్లో ఏ ఇంటి చూరులో చెయ్యి పెట్టినా పురుగుల మందు సీసా తగిలేది. పొలం ఉన్నవాళ్ళ ఇంట్లోనే కాదు, లేనివాళ్ళ ఇంట్లో కూడా. మా ఆస్పత్రికి రోజుకు ఇద్దరో ముగ్గురో ట్రాక్టర్ల మీదా రిక్షాల మీదా వచ్చేవాళ్ళు. కొందరిని బతికించేవాళ్ళం, కొందరు పోయేవాళ్ళు. బతికినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు. నన్ను విసిగించింది వాళ్ళే.

నా నోరు మంచిది కాదు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. "చచ్చేదానివి చావక మా ప్రాణాలు తోడేస్తున్నావు గదమ్మా" అని రెండోసారి వచ్చిన ఆడమనిషిని మొహం మీదే అన్నదాన్ని. నాకప్పుడు ముప్ఫై మూడేళ్ళు. పెళ్ళి కాలేదు, క్వార్టర్లో ఒక్కదాన్నే. డ్యూటీ దిగి వెళ్ళాక చేతులు ఎంత కడిగినా మందు వాసన పోయేది కాదు. ఆ చేత్తో అన్నం తినబుద్ధి అయ్యేది కాదు. ఒకరోజు స్టోరు గదిలోకి దూది కోసమని వెళ్ళి తలుపేసుకుని గంటసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. సైదాబీ వచ్చి తలుపు తట్టి "ఫినాయిల్ కావాల సిస్టరమ్మా" అంది. ఫినాయిల్ సీసా ఆమె చేతిలోనే ఉంది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, తలమీద కొంగు జారనిచ్చేది కాదు, నడిస్తే చప్పుడుండేది కాదు. మాచర్ల దగ్గర ఏదో పల్లె. భర్త ఖాదర్ వలి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. ఊళ్ళో రెండు పార్టీలు కొట్టుకున్న కేసులో అతని పేరు కూడా ఇరికించారని, గురజాల కోర్టు చుట్టూ ఏడేళ్ళు తిరిగాడని, తర్వాత పోయాడని తెలుసు. ఎలా పోయాడని నేనడగలేదు. ఆయాలను అవన్నీ అడిగే అలవాటు మాకు లేదు. రోజూ సాయంత్రం నేను డ్యూటీ దిగుతుంటే మాత్రం ఆమె మెట్ల దగ్గర చీపురు ఆపి అడిగేది.

"రేపొస్తావుగా సిస్టరమ్మా?"

"రాక యాడికి పోతా?" అని విసుక్కునేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

ఆ ఏడు ఆగస్టులో గురవమ్మ మూడోసారి వచ్చింది. నకరికల్లు దాటాక ఉన్న కంకర క్వారీలో పని, ఇరవై మూడేళ్ళు, పిల్లలు లేరు. మొగుడు కొండలు కూడా అక్కడే రాళ్ళు కొడతాడు. కొండలు రాక్షసుడేమీ కాదు. పొద్దు గూకేదాకా దుమ్ములో పనిచేసి, ఇంటికొచ్చి, పెళ్ళాం ఎందుకు ఏడుస్తుందో అర్థం కాక అరిచే మనిషి. గురవమ్మకు పుట్టుకతోనే తోలు పల్చన. ఎవరైనా ఒక మాటంటే మనకు గీరుకున్నట్టుంటుంది, ఆమెకు కాలినట్టుండేది. కాలనీలో అందరూ "నాటకాలాడుద్ది" అనేవాళ్ళు. నేనూ అన్నాను.

సరిగ్గా అప్పుడే డాక్టర్ హైమావతి గారు మా దగ్గర చేరారు. బెంగుళూరులో మనసు జబ్బుల చదువు చదివి వచ్చిన మనిషి, చిన్నది, ఉత్సాహం ఎక్కువ. ఆమె దగ్గర జిరాక్సు కాయితాల కట్ట ఒకటుండేది. అమెరికాలో ఇలాంటివాళ్ళకు కొత్తగా ఏదో పద్ధతి మొదలుపెట్టారని, మనమూ చేసి చూద్దామని నాతో అన్నారు. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పే పని నాకు పడింది. సరేనన్నాను, కాదంటే ఊరుకుంటారా?

చచ్చిపోవాలన్న తలపు ఉప్పెనలా వస్తే ఐసుముక్క గుప్పిట్లో పట్టుకోవాలట. ఐసు మా ఊళ్ళో సోడాల కొట్లో రంపపు పొట్టులో కప్పి ఉంటుంది. నకరికల్లు క్వారీకి తీసుకెళ్ళేసరికి తడిగోతం మిగులుతుంది. వైద్యం చేసేవాళ్ళకు ఫోన్ చేయాలట. క్వారీ మొత్తానికి ఫోన్ లేదు. రోజూ మనసు ఎలా ఉందో కార్డు మీద అంకెలు వేయాలట. గురవమ్మకు అంకెలు రావు. అన్నిటికన్నా ఘోరం ఒక వాక్యం. గురవమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేను దాన్ని తెలుగులో చదివాను: "నువ్వు చేయగలిగిందంతా చేస్తున్నావు. ఇంకా బాగా చేయాలి." ఆ నలుగురిలో రాజుపాలెం నుంచి వచ్చిన సుబ్బమ్మ అనే పెద్దామె దిగ్గున లేచింది.

"ఇంకా చెయ్యాల్నా? మా అత్త ఇదే మాట ముప్పయ్యేళ్ళు అన్నది. ఇయ్యాల నువ్వు గూడానా?"

అని ఏడుపు లంకించుకుంది. ఆమెను చూసి మిగతా ముగ్గురూ ఏడ్చారు. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. వాకిట్లో బక్కెట్టు పెట్టుకుని సైదాబీ అంతా వింటోంది.

ఆ కట్టలో ఒప్పందం కాయితం ఒకటుంది. ఫలానా తేదీ దాకా నా ప్రాణానికి నేను హాని చేసుకోను అని రోగి సంతకం పెట్టాలి. దాన్ని తెలుగులో రాసి, గురవమ్మకు చదివి వినిపించి, రిజిస్టరు దగ్గర ఉండే సిరా డబ్బాలో బొటనవేలు అద్ది ముద్ర వేయించాను. నేను చేసిన మొదటి తప్పు అది. సాయంత్రం కొండలు వచ్చి పెళ్ళాం చేతిలో గ్లాసు పెట్టబోతూ వేలు చూశాడు. నీలం సిరా. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంది సిస్టరమ్మా ఇది? నామీద కేసు రాయించారా? వాంగ్మూలం తీసుకున్నారా?"

కాదని ఎంత చెప్పినా వింటేనా! మందు తాగిన ఆడమనిషి దగ్గర పోలీసులు వేలిముద్ర తీసుకుంటే మొగుడు స్టేషనుకు వెళ్ళడమే ఇక్కడ అందరికీ తెలిసిన లెక్క. మా కాయితంలో ఏముందో వాళ్ళకెలా తెలుస్తుంది? చదవరాని మనిషికి ముద్ర పడిన కాయితం ఏదైనా ఒకటే. అరగంటలో పెళ్ళాన్ని కంకర లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మందులు కూడా తీసుకెళ్ళలేదు.

డాక్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటికెళ్ళాక గురవమ్మ నాలుగోసారి తాగుతుందని, ఆ నాలుగోసారి మా దాకా రాదని మాకిద్దరికీ తెలుసు. ఆమె గుండె, కాలేయం అప్పటికే చెడి ఉన్నాయి.

"ఏలికి సిరా అంటితే ఈడ ఎవురికైనా గుండె జారుద్ది సిస్టరమ్మా. నన్నడిగితే చెప్పేదాన్నిగా" అంది సైదాబీ.

"నిన్నడగాలా?" అన్నాను. అలసిపోయి ఉన్నాను, కోపం తొందరగా వచ్చింది.

ఆమె బక్కెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు సెలవు పెట్టి కంకర లారీ ఎక్కి క్వారీకి వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత గురవమ్మే నాకు చెప్పింది. సైదాబీ వెళ్ళి గుడిసె ముందు గొంతుక్కూర్చుని, ముందు కొండలుతో, "ఏం కాయితం లేదు నాయనా, చూడు, నా చేతిలో ఏమీ లేదు" అని రెండు చేతులూ చాపి చూపించిందట. తర్వాత జరిగి గురవమ్మ పక్కన కూర్చుందట.

"ఏమే గురవా, సావాలనుందా?"

"ఉంది పిన్నమ్మా."

"న్యాయమే. నువ్వు పడేదానికి అట్టా ఉండక ఎట్టా ఉంటది? మరి బతకాలని ఏమాత్రం లేదా?"

గురవమ్మ కింద ఉన్న కంకర రాయి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పిందట. ఆ తర్వాత, "కూసింత ఉంది" అందట.

"మరి రెండు పక్షాలున్నయ్యి గదే. ఒక పక్షం మాటే ఇని తీర్పు చెప్తారా ఏంది? ఏ కోర్టులో చూశావు? వాయిదా ఎయ్యి. మంగళారం దాకా. మంగళారం ఆస్పత్రి వరండాలో పేరు పిలుస్తా. నువ్వు హాజరు గావాల. ఈలోపు తీర్పు చెప్పే హక్కు నీకు లేదు."

గురవమ్మ తలూపింది. ఎందుకు ఊపావే అని నేనడిగితే, "సావద్దని అందరూ చెప్పారు సిస్టరమ్మా. సావాలనుండటం న్యాయమే అని ఎవురూ అన్లా" అంది.

మంగళవారం పదిన్నరకు గురవమ్మ వచ్చింది. కొండలు కూడా వచ్చి గేటు బయట బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. సుబ్బమ్మ వచ్చింది, మిగతా ఇద్దరూ వచ్చారు. సైదాబీ చీపురు గోడకు ఆనించి, కొంగు సర్దుకుని, కోర్టు బంట్రోతు పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది.

"గురవమ్మా! గురవమ్మా! గురవమ్మా! హాజరేనా?"

గురవమ్మ బిత్తరపోయి, "హాజరు" అంది. అందరూ నవ్వారు. పల్నాట్లో కోర్టు గడప తొక్కని ఇల్లు అరుదు. తండ్రో అన్నో బావో ఎవరో ఒకరు ముద్దాయి, ఎవరో ఒకరు సాక్షి. ఆ పిలుపు ఎలా ఉంటుందో, దానికి పలకకపోతే ఏమవుతుందో ఆ ఆడవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తర్వాత ఒప్పందం కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల సొరుగులో వేసింది. ఆమె మంచి డాక్టరు. తన చదువు కన్నా ఒక ఆయా మాట పనిచేస్తోందని తెలిస్తే ఒప్పుకోగల డాక్టర్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

అప్పటినుంచి ప్రతి మంగళవారం ఇదే వరస. కార్డు మీద అంకెల బదులు గురవమ్మ కంకర రాళ్ళు కొంగున ముడేసుకుని తెచ్చేది. కడుపులో మంట ఎక్కువున్న రోజుకు అయిదు, తక్కువున్న రోజుకు ఒకటి, అసలు లేని రోజుకు ఏదీ లేదు. సుబ్బమ్మవి చింతగింజలు. వరండా గచ్చు మీద రోజువారీ కుప్పలు పోసుకుని, ఇది బుధవారం, ఇది శుక్రవారం అని చెప్పుకునేవాళ్ళు. శుక్రవారం అయిదెందుకయ్యాయి, అప్పుడేం చేశావు, ఇంకేం చేసుంటే నాలుగయ్యేవి అని డాక్టరమ్మ అడిగేది. ఐసు బదులు, ఆ తలపు ఉప్పెనలా వస్తే పెద్ద తొట్టి నీళ్ళలో మొహం ముంచి ఇరవై లెక్కపెట్టమంది సైదాబీ. ఇరవై రానివాళ్ళను ఇంట్లో అందరి పేర్లూ తలుచుకోమంది. ఫోన్ బదులు కంకర లారీ. ఏ డ్రైవరుకైనా ఒక రాయి ఇచ్చి పంపితే ఆస్పత్రి గేటు దగ్గర పడేస్తాడు, మర్నాడు సైదాబీ వెళుతుంది. మూడుసార్లు రాయి వచ్చింది. మూడుసార్లూ వెళ్ళింది.

అందరినీ ఏడిపించిన ఆ వాక్యాన్ని కూడా ఆమే సరిచేసింది. "ఇంకా చెయ్యాల అనమాక సిస్టరమ్మా. నీ మాటా నిజమే, నీ ఎదరోళ్ళ మాటా నిజమే, అందుకే వాయిదా అని చెప్పు" అంది. చెప్పాను. ఎవరూ ఏడవలేదు.

నాకు ఇదంతా నచ్చిందా అంటే, ఏమో. పని పెరిగింది. మంగళవారం వస్తుందంటే ఒళ్ళు బరువెక్కేది. వాళ్ళ కష్టాలు వినీ వినీ నా చెవులు అలిసిపోయాయి. డిసెంబరులో డాక్టరమ్మ పై చదువుకని వెళ్ళిపోయింది. రిజిస్టరు నా చేతికి వచ్చింది. ఈ ఆడవాళ్ళు ఇంకా ఎన్నాళ్ళు వరండాలో కూర్చుంటారని ఆఫీసులో అడిగారు. రిజిస్టరులో చివరి గడి 'నయమైంది' అన్నది. అందులో టిక్కు పెట్టి ఒక్కొక్కరినీ పంపించేస్తే నాకు మంగళవారం మిగులుతుందని ఆశ పడ్డాను. నిజం అంతే.

జనవరి ఆఖరి మంగళవారం సైదాబీ లేదు. ఆమె చెల్లెలు పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకని మాచర్ల వెళ్ళింది. నేనే పేర్లు చదివాను. గురవమ్మ వారం మొత్తానికి రెండే రాళ్ళు తెచ్చింది. అంతకు ముందు వారం మూడు. మొహం నిండింది, జడలో కనకాంబరాలు కూడా పెట్టుకుంది. నాకు సంతోషమే అయింది. ఆ సంతోషంలో, కోర్టు భాషలో సరదాగా అన్నాను.

"గురవమ్మా, నీ కేసు కొట్టేశాం పో! ఇక రానక్కర్లేదు."

అందరూ నవ్వారు. గురవమ్మ కూడా నవ్వింది.

"అయితే ఇంక తారీఖు లేదా సిస్టరమ్మా?"

"లేదు. హాయిగా పో."

ఆమె ఆ రెండు రాళ్ళూ నా బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళింది. నేను టిక్కు పెట్టాను.

బుధవారం పొద్దున సైదాబీ వచ్చి ఊడుస్తూ, "మంగళారం అందరూ వచ్చారా?" అని అడిగింది. వచ్చారని, గురవమ్మకు నయమైందని, కేసు కొట్టేశామని చెప్పాను. ఆమె చీపురు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

మళ్ళీ చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది. డ్యూటీలో ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మా ఆయన ఎట్టా పొయ్యాడో నువ్వెప్పుడూ అడగలా సిస్టరమ్మా."

"లేదు" అన్నాను.

"ఏడేళ్ళు గురజాలకి తిరిగాడు. ఎప్పుడు పోయినా వాయిదా. నేను అన్నం మూటగట్టి ఇచ్చేదాన్ని. జైలుకి పంపుతారేమో అని భయం, అయినా వాయిదా పడిందంటే ఆ నెల గడిచినట్టే గదా. పనీపాటా లేకుండా పొయ్యింది, దూది ఏకేది మానుకున్నాడు. వాయిదాలే ఆయన పని. ఏడో ఏడు కేసు కొట్టేశారు. జడ్జిగారు మంచోడు. ఇంటికొచ్చి అందరికీ బెల్లం పంచాడు. మళ్ళా నెల, ఎప్పుడూ వాయిదాకి పోయే రోజు వచ్చింది. పొద్దున్నే లేచి తానం జేసి, తెల్లచొక్కా ఏసుకుని అరుగు మీద కూర్చున్నాడు. యాడికి పోవాల్నో తెలవలా ఆయనకి. ఇంక నిన్ను ఎవురూ పిలవరయ్యా అన్నా, నవ్వుతా. నేను కట్టెలకి పొయ్యొచ్చేతలికి లేడు."

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు.

"ఆ రోజుకి ఒక తారీఖు ఎవురన్నా ఇచ్చుంటే బతికేవోడు. తప్పుడు తారీఖయినా సరే."

డ్యూటీ వేరే నర్సుకు అప్పజెప్పి, పది గంటల బస్సుకు ఇద్దరం బయల్దేరాం. నకరికల్లులో దిగి కంకర లారీ ఎక్కాం. దారి పొడుగునా నేను ప్రభువును తలుచుకుంటూ, ఆయనకు ఏమని చెప్పుకోవాలో తెలియక, గురవమ్మా గురవమ్మా అనుకుంటూ కూర్చున్నాను.

క్వారీలో పని జరుగుతోంది, సుత్తుల చప్పుడు. కొండలు గుంతలో ఉన్నాడని ఎవరో చెప్పారు. గురవమ్మ ఇయ్యాల పనికి రాలేదన్నారు. గుడిసె తలుపు లోపలినుంచి వేసి ఉంది. నేను పరుగెత్తి తలుపు బాదబోయాను. సైదాబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాకిట్లో నిటారుగా నిలబడి గొంతెత్తి పిలిచింది.

"గురవమ్మా!"

ఏమీ లేదు.

"గురవమ్మా!"

సుత్తులు ఆగాయి. గుంతలోంచి కొండలు పైకి వస్తున్నాడు.

"గురవమ్మా! హాజరేనా?"

ఎంతసేపో తెలియదు. లోపలినుంచి సన్నగా వినపడింది.

"హాజరు."

తలుపు తీసింది. మొహం, జుట్టు, జాకెట్టు అన్నీ తడిసి ఉన్నాయి. నీళ్ళ తొట్టి నేల మధ్యకు లాగి ఉంది. దాని పక్కన కంకర రాళ్ళు, అయిదో పదో కాదు, దోసెడు.

"పొద్దుట్నించీ ముంచుకుంటా ఉన్నా పిన్నమ్మా" అంది వణుకుతూ. "ఎన్ని ఇరవైలో నాకే తెలవదు. రాళ్ళు లెక్కబెట్టుకున్నా. మంగళారం లేదుగా. ఎవురికి చూపియ్యను?"

సైదాబీ లోపలికి వెళ్ళి చూరు వైపు చూసింది. గురవమ్మ చెయ్యెత్తి అక్కడ దాచిన సీసా తీసి ఆమెకిచ్చింది. సైదాబీ దాన్ని వెనకే వచ్చిన కొండలు చేతిలో పెట్టి, "దూరంగా పూడ్చిరా నాయనా. తల్లిలాంటిదాన్ని చెప్తున్నా, ఇంకోటి కొనమాక" అంది. అతను తల వంచుకుని వెళ్ళాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. గురవమ్మ నావైపు చూసినప్పుడు చెప్పాలి గనక చెప్పాను.

"నాదే తప్పమ్మా. కేసు కొట్టెయ్యలేదు. నేను తప్పు చదివాను. మంగళవారానికి వాయిదా."

"నిజంగానా?"

"నిజంగానే. రాళ్ళన్నీ తీసుకుని రా."

సాయంత్రం బస్సులో సీటు దొరికింది. కిటికీలోంచి కంకర దుమ్ము వచ్చి మా ఇద్దరి మొహాలూ తెల్లబడ్డాయి. ఊరుకోలేక అన్నాను, "నేను మంచికే చెప్పాను సైదాబీ."

"మంచికే. జడ్జిగారూ మంచికే చెప్పాడు."

"అయితే ఎన్నాళ్ళిలా? జీవితాంతం వాయిదాలేనా?"

"ఏమో సిస్టరమ్మా. మా ఆయన వాయిదాల్లో ఏడేళ్ళు బతికాడు. ఆ ఏడేళ్ళు నాకుండాడు." ఆమె తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది. ఎంత అలసిపోయిందో అప్పుడు చూశాను. పగలంతా ఊడ్చి, కడిగి, ఎత్తిపోసి, అందరికీ తారీఖులిచ్చే మనిషి.

"నిన్నెవరు పిలుస్తారు మరి?"

"పిలిచేదాన్ని నేనే గదా. నేను రాకపోతే పిలుపు యాడుంటది? అందుకని రావాల్సిందే."

మంగళవారం రిజిస్టరులో నేను పెట్టిన టిక్కు కొట్టేసి, ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఆఫీసులో అడిగితే అడగనీ అనుకున్నాను. పదిన్నరకు అందరూ చేరారు. గురవమ్మ చీరకొంగు బరువుకు కిందికి వేలాడుతోంది. సైదాబీ చీపురు గోడకు ఆనించి పేర్లు పిలిచింది. గురవమ్మ హాజరు. సుబ్బమ్మ హాజరు. మిగతా ఇద్దరూ హాజరు. అయిపోయింది కదా అని నేను రిజిస్టరు మూయబోయాను.

"ఆరోగ్యమ్మా!"

సైదాబీ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వరండాలో ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. స్టోరు గది తలుపు గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం మెట్ల దగ్గర ఆ ప్రశ్న, దానికి నేను విసుక్కోవడం గుర్తొచ్చాయి. ఎన్నాళ్ళ నుంచి ఆమె నాకు ఒక్కో రోజు చొప్పున వాయిదా ఇస్తూ వచ్చిందో అప్పుడు తెలిసింది.

"ఆరోగ్యమ్మా!"

గురవమ్మ కొంగు ముడి విప్పి, ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది.

"ఆరోగ్యమ్మా! హాజరేనా?"

"హాజరు" అన్నాను.

"మంగళారానికి వాయిదా" అంది సైదాబీ, చీపురు చేతిలోకి తీసుకుంటూ.